వాగుకు ఎగువన

మేము వాగును శుభ్రం చేసే బృందమని చుట్టుపక్కల ఊళ్లలో పేరు పడింది. ఆ మాట విన్నప్పుడల్లా సరిదిద్దాలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే గడిచిన మూడు ఎండాకాలాల్లో మేము వాగులో దిగి పనిచేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. మా ఆదివారాలు వాగుకు కోసెడు దూరంలో, వాన పడితే తప్ప నీటి చుక్క కనబడని ఒర్రెల్లో, చెరువులకు వాన నీళ్లు తెచ్చే, సర్కారు తుమ్మ కమ్ముకున్న కట్టుకాలువల్లో, గుట్ట కింది పడావు భూముల్లో గడిచాయి. వాగును చూసుకోవాలంటే ముందు దానికి నీళ్లు తెచ్చే నేలను చూసుకోవాలని మాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో, తెలుసుకునే క్రమంలో మేము చేసిన తప్పు ఏమిటో ఈసారి వివరంగా రాస్తున్నాను.

మాది వరంగల్ జిల్లాలో వర్ధన్నపేట వైపు పల్లె. నేను హనుమకొండలో పిల్లలకు లెక్కలు చెబుతూ సెలవు రోజుల్లో ఊరికి వస్తుంటాను. మా ఊరి వాగు పటంలో పేరు రాయదగినంత పెద్దది కాదు, కానీ దాని నీళ్లు ఆకేరులో కలుస్తాయి. ఆకేరు మహబూబాబాద్ జిల్లా గుండా సాగి, ఖమ్మం దగ్గర తీర్థాల సంగమేశ్వర స్వామి గుడి వద్ద మున్నేరుతో కలుస్తుంది. పాకాల చెరువు దిక్కు నుంచి వచ్చే ఆ మున్నేరు చివరకు కృష్ణమ్మను చేరుతుంది. అదే మాకు ఉత్తరాన పరకాల, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో పడిన చినుకు చలివాగు, మోరంచవాగు, మానేరు వంటి దారుల్లో గోదావరికి పోతుంది. అంటే ఓరుగల్లు నేల రెండు మహానదుల నడుమ గట్టులాంటిది. గట్టు మీద ఉన్నవాడికి పక్కనుంచి పారే నది ఉండదు, పైనుంచి పడే వాన మాత్రమే ఉంటుంది. పదమూడో శతాబ్దంలో గణపతిదేవుని కాలంలో పాకాల, రామప్ప వంటి చెరువులు, వాటి వెంట లెక్కలేనన్ని చిన్న చెరువులూ కుంటలూ ఎందుకు వెలిశాయో ఈ సంగతి ఆలోచిస్తే అర్థమవుతుంది. ఇప్పుడు కాకతీయ కాలువ శ్రీరాంసాగర్ నుంచి గోదావరి నీళ్లను ఇంత దూరం తెస్తున్నది, దాని రెండో దశ కృష్ణా పరీవాహకంలోని సూర్యాపేట దాకా సాగింది. ఆ నీళ్లు మా ప్రాంతానికి ఎంత మేలు చేశాయో నేను చూశాను. అయితే కాలువ నీళ్లు వచ్చిన తర్వాతనే ఊళ్లు తమ ఒర్రెల వైపు చూడడం తగ్గించాయన్నది కూడా నేను చూసిన విషయమే.

నాలుగేళ్ల కిందట పని మొదలుపెట్టినప్పుడు మాకు వాగంటే కంటికి కనిపించే వాగు మాత్రమే. పదిహేను మందిమి కలిసి ప్లాస్టిక్ గ్లాసులు, పత్తి విత్తనాల సంచులు, పురుగుమందు డబ్బాలు, పాత చీరలు ఏరి బస్తాల్లో నింపి ట్రాక్టరులో పంపేవాళ్లం. నాలుగు నెలలు క్రమం తప్పకుండా చేశాము. జూలైలో ఒక్క రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారి వెళ్లి చూస్తే వంతెన కింద ఎప్పటిలాగే చెత్త పేరుకుని ఉంది, ఎక్కువే ఉన్నదేమో కూడా. మాలో కొందరు ఆ రోజుతోనే రావడం మానుకున్నారు, వారిని నేను తప్పుపట్టలేను.

అప్పుడు మా వెంట నిలబడింది ఊరి పాత నీరటి తాత. ఎనభై ఏళ్లు దాటిన మనిషి. వంతెన మీద కర్ర ఆనించుకుని నిలబడి, కింద పేరుకున్నదాన్ని చాలాసేపు చూసి, "ఇది మీ చెత్త గాదు బిడ్డా, పైనున్న మూడూర్లది. వాగుకేం ఎరుక? ఒర్రె ఏం మోసుకొస్తే గదే కిందికి తీస్కపోతది. రేపు పొద్దుగాల నా ఎంబడి రాండ్రి, సూపెడ్త" అన్నాడు.

మరునాడు నలుగురం వెళ్లాము. నీరటి అంటే ఏమిటో నేటి పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. చెరువు తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారించాలి, వానాకాలంలో కట్ట మీద ఎక్కడ చెమ్మ ఊరుతున్నది, ఏ కట్టుకాలువ ఎక్కడ పూడింది అన్న వ్యవహారమంతా ఊరి తరఫున చూసే మనిషి నీరటి. యాసంగికి చెరువులో ఎన్ని నీళ్లున్నాయి, ఎన్ని ఎకరాలకు సరిపోతాయి అని రైతులు కూర్చుని తైబందీ తేల్చుకునేటప్పుడు ఆయన మాటకు విలువ ఉండేది. అందుకు ప్రతిఫలంగా కళ్లంలో ప్రతి రైతూ ఆయనకు వడ్లు కొలిచి మేర ఇచ్చేవాడు. బోరుబావులు వచ్చి ఎవరి నీళ్లు వారి పొలంలోనే దొరకడం మొదలైన తర్వాత మేర ఇచ్చే చేతులు తగ్గాయి, తూము కర్ర పట్టే చేయి కూడా లేకుండా పోయింది. మా ఊళ్లో ఆయన తర్వాత ఆ పని ఎవరూ తీసుకోలేదు.

ఆ రోజు ఆయన మమ్మల్ని వాగు వెంట నడిపించలేదు. నేరుగా ఊరి చెరువు మత్తడి దగ్గరికి, అంటే చెరువు నిండితే నీళ్లు బయటికి దుంకే చోటికి, అక్కడి నుంచి ఎగువన ఉన్న కుంటకు, కుంట నుంచి గుట్ట వాలు దాకా తీసుకెళ్లాడు. దారి పొడవునా ఒకటే ప్రశ్న అడుగుతూ వచ్చాడు: "ఈడ పడ్డ నీళ్లు ఏడికి పోతయి?" పై కుంట నిండితే దాని మత్తడి దుంకి ఊరి చెరువుకు, ఊరి చెరువు నిండితే కింది ఊరి చెరువుకు, అది నిండితే వాగుకు పోవడం మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. గొలుసుకట్టు చెరువులని బడిలో నేనే పిల్లలకు చెబుతాను. అయితే ఆ గొలుసులో మా ఊరి కొక్కెం ఎక్కడ ఊడిపోయిందో అంతవరకు నేను నడిచి చూడలేదు. కుంటకూ చెరువుకూ నడుమ ఉన్న కట్టుకాలువ మూడు చోట్ల లేదు. ఒకచోట తుమ్మ కంప సొరంగంలా అల్లుకుని మనిషి దూరడానికి వీలు లేకుండా ఉంది. రెండోచోట కొత్త రోడ్డు కింద వేసిన సిమెంటు పైపు కాలువ అడుగు కంటే మూరెడు ఎత్తున ఉంది, అంటే నీరు మూరెడు నిలిచి, ఆ వెనక ఉన్న పొలాలను ముంచిన తర్వాతనే పైపులోకి ఎక్కుతుంది. మూడోచోట కాలువ పత్తి చేనుగా మారింది.

మిషన్ కాకతీయ గురించి ఇక్కడ ఒక మాట చెప్పడం న్యాయం. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన ఆ కార్యక్రమం రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చింది. మా ఊరి చెరువులోనూ పూడిక తీశారు. నల్లటి ఒండ్రు మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో తోలుకుని చెలకల్లో పోసుకున్నారు, ఆ ఏడు ఎరువు బస్తాలు తక్కువ కొన్నామని చెప్పినవారు మా వాడలోనే ఉన్నారు. కట్ట గట్టిపడింది, తూముకు కొత్త షట్టరు వచ్చింది. కానీ చెరువును బాగుచేయడానికి జేసీబీ వస్తుంది, టెండరు ఉంటుంది. చెరువులోకి నీళ్లు తెచ్చే రెండు మూరల వెడల్పు కాలువను ఏడాదికోసారి గడ్డపారతో తీసే పనికి మనిషి కావాలి. ఆ మనిషి లేని లోటు ఏ పథకంతోనూ తీరదని నా అభిప్రాయం.

ఆ లోటును మేమే తీర్చాలనుకున్నాము, తొందరపడ్డాము కూడా. ఉగాది దాటిన తర్వాత నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా, ఎండ ముదరకముందే పొద్దున రెండు మూడు గంటలు పనిచేసి కంప కొట్టాము. సర్కారు తుమ్మను పైపైన నరికితే రెండింతలు చిగురిస్తుందని తెలిసి, మొదళ్ల చుట్టూ తవ్వి వేర్లతో పెకలించాము. పత్తి చేను దగ్గర, గ్రామ నక్షాలో కాలువ ఉన్నట్టు స్పష్టంగా కనిపిస్తున్నది కదా అన్న ధైర్యంతో, గట్టు తెగగొట్టి కాలువను కలిపాము. ఆ రైతు ఆ రోజు ఊళ్లో లేడు. వచ్చిన తర్వాత చెబుదామనుకుని మరిచిపోయాము.

జూన్ చివర ఒక సాయంత్రం దంచి కొట్టిన వానకు కాలువ నిండుగా పారింది. మేము సంబరపడ్డాము. మర్నాడు పొద్దున ఆ రైతు మా ఇంటికి వచ్చాడు. కేకలు వేయలేదు. భుజం మీది తువ్వాలును అరుగు మీద పరిచి మూట విప్పాడు. అందులో రెండాకుల పత్తి మొలకలు ఉన్నాయి, వేర్లకు ఇంకా తడి మట్టి అంటుకుని ఉంది. "నాకు చెప్తే నేనొద్దంటనా? గింజలు పెట్టకముందు చెప్పాలె గదా" అని మాత్రం అన్నాడు. ఆయనకున్నది ఎకరంన్నర. అందులో దాదాపు పావు భాగం మొలకలు కొట్టుకుపోయాయి. ఇన్నేళ్ల నా జీవితంలో అంత సిగ్గుపడిన సందర్భం మరొకటి లేదు.

విత్తనాలకు, మళ్లీ పెట్టించిన కూలికి అందరం డబ్బు వేసుకున్నాము. అంతటితో తప్పు తీరలేదు కాబట్టి, ఆ తర్వాతి ఆదివారం కాలువ పొడవునా భూములున్న రైతులందరినీ కట్ట మైసమ్మ గుడి దగ్గర కూర్చోబెట్టి, నక్షా నడుమ పెట్టుకుని మాట్లాడాము. అలా మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది. చివరకు ఆ రైతే మూడు మూరల వెడల్పు వదలడానికి ఒప్పుకున్నాడు. ఆయన చేను వైపు ఒడ్డు కోయకుండా రాళ్లు పేర్చి ఇచ్చే బాధ్యత మాది. ఇప్పుడు ఆయన మా బృందంలో ఉన్నాడు, వాన పడిన రాత్రి ముందుగా ఫోన్ చేసేది ఆయనే. అప్పటి నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాము: ఎవరి గట్టుకు ఆనుకుని పని ఉంటుందో ఆ మనిషి ఆ పొద్దు అక్కడ ఉంటేనే గడ్డపార దించాలి.

ఒర్రెల్లో రాతి అడ్డుకట్టలు వేయడం ఆ తర్వాత నేర్చుకున్నాము. చూడడానికి రాళ్ల కుప్పలాగే ఉంటుంది గానీ దాని వెనక ఒక పద్ధతి ఉంది. అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్నవి. రెండు కొసలనూ ఒడ్డులోకి మూరెడు తవ్వి పొదగాలి. అన్నింటికన్నా ముఖ్యంగా కట్ట నడుమ భాగం కొసల కంటే పల్లంగా ఉండాలి, లేకపోతే వరద కొసలను చుట్టి వచ్చి ఒడ్డును కోసుకుని పోతుంది. మేము మొదట వేసినవాటిలో రెండు అలాగే పోయాయి. ఒక కట్టకూ మరొక కట్టకూ దూరం ఎంత ఉండాలన్నది ఊరి మేస్త్రీ చూపించాడు: గోడలకు లెవెలు చూసే సన్నని గొట్టంలో నీళ్లు నింపి, కింది కట్ట తల ఎత్తూ పై కట్ట పాదం ఎత్తూ ఒకటే అయ్యేచోట రాయి పాతించాడు. అలా వేస్తే నీరు మెట్టు మెట్టుగా నిదానిస్తుంది, మట్టిని కట్ట వెనక దింపేసి తేటపడి కిందికి పోతుంది. మొదటి వానాకాలం తర్వాత ఒక కట్ట వెనక జానెడు మందాన సన్నని మట్టి నిలిచి, దాని మీద తుంగ మొలవడం చూసినప్పుడు మాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

లెక్కల మాస్టారిని కనుక ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్ల నీళ్లు. మా వైపు ఏడాదికి అటూ ఇటూగా వెయ్యి మిల్లీమీటర్లు పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. అంటే ఎకరానికి నలభై లక్షల లీటర్లు. ఇంత నీరు ఆకాశం నుంచి దిగుతున్నప్పుడు ఎండాకాలం బోరు ఎందుకు గుటకలు వేస్తుందన్న ప్రశ్నకు జవాబు మా కాళ్ల కిందే ఉంది. మాది గ్రానైటు నేల. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి, ఆ తర్వాత గట్టి బండ. నీరు దాగేది మొరంలోనూ పగుళ్లలోనూ తప్ప మరెక్కడా కాదు, అక్కడికి ఇంకడానికి దానికి సమయం కావాలి. గుట్ట మీద పడిన వాన గంటలో వాగును దాటిపోతే భూమికి ఆ సమయం దొరకదు.

దొరకని సమయం మరో రూపంలో ఎదురవుతుంది. 2023 జూలై 27న ఉదయం వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, ఎకరానికి ఇరవై ఆరు లక్షల లీటర్లకు పైమాట. ఆ పొద్దే మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది, ఊరివారిని కాపాడడానికి సహాయక బృందాలు రావలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 31 రాత్రి మొదలై సెప్టెంబర్ 1 దాకా కురిసిన వానకు మా ఆకేరు మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా పారి ప్రాణాలు తీసుకుంది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. అంతటి వానను మా రాతి కట్టలు ఆపుతాయని నేను చెప్పను, చెబితే అబద్ధమవుతుంది. కానీ గొలుసుకట్టులో పైచెరువు తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది, దాని కట్టా తెగుతుంది. ఆ రాత్రి మేము ఎనిమిది మందిమి టార్చిలైట్లు పట్టుకుని మా చెరువు కట్ట మీద తెల్లవార్లూ తిరిగాము. మత్తడికి అడ్డుపడిన తుమ్మ మొద్దును నడుములకు మోకు కట్టుకుని లాగి తీశాము. కట్ట వెనక వాలులో ఒకచోట ఊట కనబడితే ఇసుక బస్తాలు పేర్చాము. ఎక్కడ చూడాలో, ఊట నీరు తేటగా వస్తే ఫర్వాలేదనీ మట్టి రంగులో వస్తే కట్ట లోపల కోసుకుపోతున్నట్టనీ నీరటి తాత మాకు అంతకుముందే చెప్పి ఉండకపోతే ఆ చీకట్లో మాకు ఏమీ తెలిసేది కాదు. కట్ట నిలిచింది.

ఆ వరద తర్వాతనే బావుల కొలత మొదలుపెట్టాము. ఊళ్లో వాడుకలో లేని పాత మోటబావులు నాలుగు ఉన్నాయి. పదిహేను రోజులకోసారి ఇద్దరు పిల్లలు కొలతటేపు కొసకు చిన్న ఇనుప ముక్క కట్టి, చివరి రెండు మూరలకు చాక్‌పీసు పొడి పూసి లోపలికి దించుతారు. పైకి తీసినప్పుడు పొడి ఎక్కడిదాకా తడిసి నల్లబడిందో అక్కడిదాకా నీరు. తేదీ, బావి, లోతు ఒక పొడవాటి నోటు పుస్తకంలో రాస్తారు. అదేమంత గొప్ప శాస్త్రం కాదు, కానీ ఊరివారికి నా మాటల కంటే ఆ పుస్తకం మీద నమ్మకం ఎక్కువ. వాగు ఒడ్డున ఉన్న బావి విషయంలో ఆ పుస్తకమే మాకు కళ్లు తెరిపించింది. మిగతా మూడింటితో పోలిస్తే అది జనవరి నుంచే గబగబా దిగిపోతున్నది. కారణం వెతుక్కుంటూ పోతే వాగులో ఇసుక తీసిన గుంతలు కనబడ్డాయి. ఇసుకలో రేణువుల మధ్య ఖాళీ సుమారు మూడోవంతు ఉంటుంది, వానాకాలం పోయిన తర్వాత వాగు తన నీళ్లను దాచుకునేది ఆ ఖాళీలోనే. మా చిన్నప్పుడు ఏప్రిల్‌లో కూడా మోచేతి లోతు చెలిమె తీస్తే తాగే నీళ్లు ఊరేవి. ఇసుక బండి పోతే దానితో పాటు ఆ నీళ్లూ పోతాయి. నేల, నీరు, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం నీటితో పాటు ఇసుక తవ్వకాలను కూడా ఎందుకు అదుపులో పెట్టిందో ఆ బావిలోకి తొంగిచూసినప్పుడు నాకు అర్థమైంది. ఊరి సభలో ఆ నోటు పుస్తకాన్ని చదివి వినిపించిన తర్వాత ఆ గుంతల దగ్గరికి ట్రాక్టర్లు వెళ్లడం తగ్గింది. పూర్తిగా ఆగలేదు.

ఆడవాళ్లు మా పనిలోకి వచ్చిన తీరు నేను ఊహించనిది. వాళ్లను కదిలించినవి పూలు. బతుకమ్మకు తంగేడు, గునుగు కావాలి. ఒకప్పుడు పొద్దున్నే గుట్ట వాలుకు పోయి ఒడి నింపుకుని వచ్చేవారు. వాలు భూములు ప్లాట్లయి, చెలకల్లో గడ్డిమందు కొట్టడం పెరిగి, ఇప్పుడు సద్దుల నాడు హనుమకొండ చౌరస్తాలో కట్టలు కొనుక్కోవలసి వస్తున్నది. మహిళా సంఘంలోని మా వదిన ఒక మాట అడిగింది: "మీరు కట్టలేసే జాగల తంగేడు గింజలు సల్లితే మొలవయా?" తంగేడు వానకే బతుకుతుంది, మేకలు పెద్దగా ముట్టవు, వేరు మట్టిని పట్టి ఉంచుతుంది. ఆ మొదటి ఏడాది మేము నర్సరీ నుంచి తెచ్చి నాటిన కానుగ మొక్కల్లో సగానికి పైగా ఎండిపోయాయి. సంఘం వాళ్లు కందకాల గట్ల మీద చల్లిన తంగేడు మాత్రం ఎవరూ నీళ్లు పోయకుండానే లేచింది. నిరుడు పెద్ద బతుకమ్మ నాడు వరుసలో పేర్చిన తంగేడులో కొంత ఆ గట్ల మీదిదే. ఆ బతుకమ్మలు దిగిన చెరువులోకి కూడా ఆ గట్ల మీదుగా జారిన నీళ్లే చేరాయి.

పని ఇంకా చాలా మిగిలి ఉంది. రోడ్డు కింది పైపు అలాగే మూరెడు ఎత్తున ఉంది. మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాము, ఒకసారి వచ్చి చూసిపోయారు. దాన్ని దించేదాకా ప్రతి ఏటా మృగశిర కార్తె లోపు పైపు ముందర గుంత తీసి, కంప తొలగించి, పక్క పొలాల వైపు మట్టిగట్టు ఎత్తు చేయడం తప్ప మార్గం లేదు. నీరటి తాత ఈ ఏడు నడవలేకపోతున్నాడు. మొన్న ఆదివారం కాలువ ఫోటోలు సెల్‌ఫోన్‌లో చూపిస్తే, పెద్దది చేసి ఒకచోట వేలు పెట్టి, "ఈడ ఎలుక బొక్క ఉన్నట్టుంది, కొట్టి సూడుండ్రి" అన్నాడు. వెళ్లి గడ్డపారతో కొట్టి చూశాము, కట్ట లోపలికి చేయి దూరేంత బొక్క ఉంది. మొరంతో దట్టించి మూశాము.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఆ రోడ్డు పైపు దగ్గరే పని. మా దగ్గర గడ్డపారలు రెండే ఉన్నాయి, వచ్చేవారు పారో గంపో వెంట తెచ్చుకుంటే మేలు. మహిళా సంఘం వాళ్లు అంబలి తెస్తామన్నారు.